అస్థికలకూ ఒక ఊరుంది

థాయిలాండ్‌లో కాంచనబురి అనే పట్నం ఉంది. అక్కడ రైల్వే స్టేషనుకు దగ్గరలో రెండవ ప్రపంచ యుద్ధ కాలపు సమాధుల తోట ఒకటి ఉంది. దాదాపు ఏడు వేల సమాధులు వరుసలు తీరి ఉంటాయి. ఒక్కొక్క సమాధి మీద ఒక కంచు పలక. దాని మీద పేరు, దళం, వయసు, చనిపోయిన తేదీ. కొన్ని పలకల మీద ఇంటివాళ్లు రాయించిన రెండు మాటలు కూడా కనిపిస్తాయి. వీళ్లంతా జపాను సైన్యానికి ఖైదీలుగా చిక్కి, సయాం–బర్మా రైలుమార్గం వేస్తూ చనిపోయిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి సైనికులు.

1990 నవంబరులో అదే పట్నంలో ఒక చెరకు తోటలో ఎముకలు బయటపడ్డాయి. తవ్వుతూ పోతే ఏడు వందల మందికి పైగా మనుషుల అస్థికలు ఒకే చోట దొరికాయి. అవి అదే రైలుమార్గంలో పనిచేసిన ఆసియా కూలీలవని భావిస్తున్నారు. వాళ్లలో ఒక్కరి పేరైనా తేలలేదు. కంచు పలక మాట దేవుడెరుగు, కొన్ని అస్థికలు పర్యాటకులు చూసి పోయే మ్యూజియంలో గాజు పెట్టె పాలయ్యాయి.

ఒకే రైలుమార్గం, ఒకే సైన్యం, ఒకే కలరా, ఒకే ఆకలి. చావులో కలిసిన మనుషులను సమాధి దగ్గర విడదీశారు. ఈ సంగతి మన పత్రికలో ఎందుకు రాయవలసి వచ్చిందంటే, ఆ గాజు పెట్టెలో ఉన్నది బరంపురం నుంచో, ఛత్రపురం నుంచో, ఇచ్ఛాపురం నుంచో, ఉద్దానం పల్లెల నుంచో బతుకుతెరువు వెతుక్కుంటూ సముద్రం దాటిన మన తాత కావచ్చు.

రంగం పోయినవాళ్లు

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరక ముందు మద్రాసు రాజధానిలో భాగం. ఇటు టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, అటు బరంపురం, ఆస్కా, ఛత్రపురం అన్నీ ఒకే జిల్లా పేరు కింద ఉండేవి. ఈ తీరమంతటా పెద్దవాళ్ల నోట ఒక మాట ఉండేది. ఎవరైనా ఊళ్లో కనిపించకపోతే "రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. గోపాల్‌పూర్ రేవు నుంచి, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి పొగ ఓడలు మన జనాన్ని రంగూన్‌కు మోసుకుపోయేవి. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్లను "కొరంగీలు" అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం తక్కువ, చులకన ఎక్కువ.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి మన దేశం వాళ్లే. తెలుగువాళ్లు దాదాపు లక్షన్నర. రేవులో బస్తాలు మోసినవాళ్లు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవాళ్లు, రిక్షా లాగినవాళ్లు, పాకీ పని చేసినవాళ్లు. భూమి లేని కూలీలు, దళితులు, కరువుకు పొలం పోగొట్టుకున్న చిన్న రైతులు. వాళ్ల మధ్య సువార్త పని కూడా జరిగింది. రంగూన్‌లో తెలుగు బాప్టిస్టు సంఘాలు ఉండేవి. అంటే ఈ కథలో ఉన్నది మన ఊరివాళ్లు మాత్రమే కాదు, మన సంఘస్థులు కూడా.

మరికొందరు ఇంకా దూరం పోయి మలయా చేరారు. అక్కడి రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేసిన తెలుగువాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల వాళ్లు ముఖ్యులు. కంగాణీలు ఊళ్లకు వచ్చి, బయానా చేతిలో పెట్టి, కుటుంబాలకు కుటుంబాలను తీసుకుపోయేవారు. తోటల్లో కూలీ తగ్గించిన వివాదంతో 1938లో భారత ప్రభుత్వం ఈ వలసను ఆపింది. కానీ అప్పటికే పోయినవాళ్లు అక్కడే ఉండిపోయారు. మూడేళ్లకే యుద్ధం వాళ్ల నెత్తిన పడింది.

1941 డిసెంబరు 23న, మళ్లీ 25న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. రేవులో పనిచేసే కూలీలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయారు. 1942 మార్చి నాటికి నగరం జపాను వశమైంది. ఓడ టికెట్టు కొనగలిగినవాళ్లు ఓడల్లో వచ్చారు. లేనివాళ్లు అరకాన్ దారిన, మణిపూర్ దారిన కాలినడకన బయలుదేరారు. ఇలా బర్మా విడిచిన భారతీయులు నాలుగైదు లక్షల మంది ఉంటారు. దారిలో చనిపోయినవాళ్లు పదివేల నుంచి యాభై వేల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. చావుల అంచనాలోనే నలభై వేల తేడా ఉందంటే, ఆ మనుషులను బతికుండగా ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం.

పట్టాల కింద

మలయాలో చిక్కుకున్నవాళ్ల గతి మరొక రకం. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయింది. బర్మాలో ఉన్న తన సైన్యానికి సామాన్లు చేరవేయడానికి జపాను ఒక రైలుమార్గం తలపెట్టింది. థాయిలాండ్‌లోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయత్ దాకా 415 కిలోమీటర్లు, అడవులూ కొండలూ నదులూ దాటుకుంటూ. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17న పట్టాలు కలిపేశారు. పదహారు నెలల పని. మామూలుగా అయితే ఏళ్లు పట్టవలసిన పని.

దీనికి అరవై వేల మందికి పైగా యుద్ధఖైదీలను వాడుకున్నారు. వాళ్లలో పన్నెండు వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు లక్షా ఎనభై వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఉంటారు. బర్మావాళ్లు, జావావాళ్లు, మలయావాళ్లు, చైనావాళ్లు, భారతీయులు. వీళ్లలో చనిపోయినవాళ్లు తొంభై వేల దాకా ఉంటారని అంచనా. మలయా నుంచి తీసుకుపోయినవాళ్లే డెబ్బై అయిదు వేలకు పైబడి ఉంటారు. వాళ్లలో అత్యధికులు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళులు, తెలుగువాళ్లు. పత్రాలు రాసినవాళ్లు తెలుగువాళ్లనూ మలయాళీలనూ కూడా తరచు "తమిళ కూలీలు" అనే ఒక్క మాటలో కలిపేశారు. మనవాళ్లు బతుకుతో పాటు భాషను కూడా అక్కడే పోగొట్టుకున్నారు.

మొదట మూడు నెలల పని, రోజుకు ఒక డాలరు కూలి అని ఆశపెట్టారు. ఎవరూ రాకపోయేసరికి బలవంతం మొదలైంది. ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి, హాలు తలుపులు మూసి, లారీలెక్కించి తీసుకుపోయిన సంగతి బతికి వచ్చినవాళ్లు చాలామంది చెప్పారు. సైనికులైన ఖైదీలకు కనీసం ఒక కట్టుబాటు, అధికారులు, తమ డాక్టర్లు ఉన్నారు. నీళ్లు మరిగించి తాగమని చెప్పేవాళ్లున్నారు. కూలీలకు అదీ లేదు. పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. 1943 వానాకాలంలో కలరా వచ్చినప్పుడు కూలీల శిబిరాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. పని ఆగిపోతుందని జపాను అధికారులు ఖైదీల్లోని వైద్య సిబ్బందిని రెండు బృందాలుగా ఆ శిబిరాలకు పంపవలసి వచ్చింది. శవాలను గోతుల్లో వేశారు, కాల్చారు, కొన్నిచోట్ల అడవికి వదిలేశారు. ఇంకా ప్రాణం పోని మనిషిని కూడా గోతిలో వేశారని చూసినవాళ్లు సాక్ష్యం చెప్పారు.

యుద్ధం ముగిసింది. 1945 సెప్టెంబరులో ఖైదీల్లోనే కొంతమంది ఇంటికి పోవడం వాయిదా వేసుకుని, చనిపోయిన తమ తోటివాళ్ల సమాధులు వెతకడానికి ఆ రైలుమార్గం వెంట తిరిగి వెళ్లారు. శిబిరాల్లో రహస్యంగా దాచిపెట్టుకున్న లెక్కల కాగితాల సాయంతో 144 శ్మశానాల్లో పదివేలకు పైగా సమాధులు గుర్తించారు. ఇది గొప్ప ప్రేమ. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. స్నేహితుని ఎముకను అడవిలో వదిలిపెట్టి ఇంటికి పోలేని మనసు అది. ఆ ప్రేమ వల్లనే ఈరోజు కాంచనబురిలో కంచు పలకలున్నాయి. అయితే మన కూలీల కోసం అలా తిరిగి వెళ్లిన బృందం లేదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ బాధ్యత సైన్యంలో పనిచేసినవాళ్ల వరకే. కూలీ సైనికుడు కాడు. కనుక అతని ఎముక ఎవరి పద్దులోనూ పడలేదు.

1957లో వచ్చిన "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" సినిమాను ప్రపంచమంతా చూసింది. దానికి ఏడు ఆస్కారు బహుమతులు వచ్చాయి. ఆ కథ అంతా బ్రిటిష్ ఖైదీల చుట్టూ, జపాను అధికారి చుట్టూ తిరుగుతుంది. ఆ వంతెన చూడటానికి పోయే మన తెలుగు పర్యాటకులు కూడా పట్టాల మీద నిలబడి ఫోటో దిగి వస్తున్నారు. కింద ఎవరున్నారో చెప్పేవాళ్లు లేరు.

అజ్నాల బావి చెప్పిన సంగతి

"ఎనభై ఏళ్లు దాటిపోయింది. ఇప్పుడు ఆ ఎముకలు ఎవరివో ఎలా తెలుస్తుంది?" అని యువకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మన దేశంలోనే, అందులోనూ మన హైదరాబాదులోనే ఉంది.

పంజాబులో అమృత్‌సర్ జిల్లా అజ్నాలలో ఒక పాత బావి ఉంది. 1857 తిరుగుబాటులో లాహోరు దగ్గర మియాన్ మీర్ దండు నుంచి తప్పించుకుపోయిన 26వ నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిల్లో 282 మందిని పట్టుకున్నారు. కొందరిని కాల్చి చంపారు, కొందరు ఇరుకు గదిలో ఊపిరాడక చనిపోయారు. అందరినీ ఆ బావిలో వేసి పూడ్చారు. ఈ పని చేయించిన అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ తానే ఒక పుస్తకంలో గర్వంగా రాసుకున్నాడు. 2014లో స్థానికులు ఆ బావి తవ్వారు. ఎముకలు, పళ్లు, నాణేలు, పతకాలు బయటపడ్డాయి. శాస్త్రజ్ఞుల పర్యవేక్షణ లేకుండా తవ్వడం వల్ల చాలా అస్థికలు విరిగిపోయాయి, కలిసిపోయాయి. పైగా ఇవి 1947 దేశ విభజన హత్యలవని కొందరు వాదించారు.

పంజాబ్ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కలిసి పరిశోధించారు. యాభై పళ్ల నుంచి డీఎన్ఏ తీశారు, ఎనభై అయిదు పళ్లలో ఐసోటోపులు పరీక్షించారు. 2022లో ఫలితం ప్రచురించారు. ఆ మనుషులు పంజాబువాళ్లు కారు, గంగా మైదానం వాళ్లు అని తేలింది. అంటే బెంగాల్, బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ ప్రాంతాల నుంచి సైన్యంలో చేరిన సిపాయిలనే చరిత్ర మాటకు ఎముక సాక్ష్యం పలికింది. నూట యాభై ఏళ్లు దాటిన పళ్లు ఊరు చెప్పగలిగితే, ఎనభై ఏళ్ల నాటి పళ్లు చెప్పలేవా?

ఇది ఎలా జరుగుతుందో మన యువత తెలుసుకోవాలి. పంటి పైనున్న గట్టి పెంకు చిన్నతనంలోనే తయారవుతుంది. ఆ వయసులో మనిషి తాగిన నీటి గుర్తు, తిన్న తిండి గుర్తు అందులో నిలిచిపోతాయి. తరువాత అతడు ఎక్కడికి పోయినా ఆ గుర్తు మారదు. కనుక గంజాం తీరంలో పుట్టి పెరిగి మలయా పోయినవాడికీ, మలయా తోటలోనే పుట్టినవాడికీ పన్ను వేరువేరు సంగతులు చెబుతుంది. తల్లి వైపు వరుసగా వచ్చే డీఎన్ఏ ఒకటుంది. అది తల్లి నుంచి పిల్లలందరికీ, కూతుళ్ల ద్వారా మనవలకూ పోతుంది. తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే పోయే డీఎన్ఏ మరొకటి. పంటి లోపలి భాగంలో, చెవి వెనుక గట్టి ఎముకలో ఇవి ఎక్కువ కాలం నిలుస్తాయి. కటి ఎముకలు చూసి ఆడా మగా, తొడ ఎముక కొలిచి ఎత్తు, పళ్లూ ఎముకల కీళ్లూ చూసి వయసు అంచనా కడతారు. దెబ్బ తగిలిన గుర్తు ఉంటే అది చావుకు ముందుదా తరువాతదా చెబుతారు.

ఇందులో కష్టాలూ ఉన్నాయి. వేడి, తేమ ఉన్న నేలలో డీఎన్ఏ త్వరగా పాడవుతుంది. కాల్చిన ఎముకలో దాదాపు మిగలదు. ఒక మనిషి పేరు తేలాలంటే అతని రక్తబంధువు నమూనా ఇవ్వాలి. అందరి పేర్లూ తేలవు. కానీ ఈ గుంటలో ఉన్నవాళ్లలో ఇంతమంది దక్షిణ భారతం వాళ్లు, ఇంతమంది స్త్రీలు, ఇంతమంది పదేళ్లలోపు పిల్లలు అన్నంత వరకు చెప్పగలిగినా అది పెద్ద సాక్ష్యమే. అజ్నాల మరొక పాఠం కూడా నేర్పింది. ఆత్రంతో పార పట్టుకుంటే సాక్ష్యం చెడిపోతుంది. పొరపొరనూ గీసి, ఫోటో తీసి, ఏ ఎముక ఏ ఎముక పక్కన ఉందో రాసుకుని తీయాలి. మరణించినవాడికి చేసే గౌరవం అక్కడే మొదలవుతుంది.

సంఘం ముందు నడిచిన చోట్లు

ఈ పని ప్రపంచంలో చాలాచోట్ల బాధిత కుటుంబాలే మొదలుపెట్టాయి. కొన్నిచోట్ల సంఘం వాళ్ల పక్కన నిలబడింది. లాటిన్ అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో 1981 డిసెంబరులో, అంతర్యుద్ధ కాలంలో, ఎల్ మొసొతె అనే పల్లెలో సైన్యం వందల మంది గ్రామస్థులను చంపింది. ప్రభుత్వం అసలేమీ జరగలేదంది. అమెరికా ప్రభుత్వం ఆ మాటనే సమర్థించింది. రుఫీనా అమాయా అనే తల్లి బతికి బయటపడి, తన పిల్లలను పోగొట్టుకుని, ఏళ్ల తరబడి ఒకే సాక్ష్యం చెబుతూ వచ్చింది. ఆ దేశ కతోలిక అధ్యక్ష మండలంలోని న్యాయ సహాయ కార్యాలయం ఆమె మాట నమ్మి కాగితం మీద పెట్టింది. 1992లో అర్జెంటీనా ఫోరెన్సిక్ మానవశాస్త్ర బృందం చర్చి పక్కనున్న ఒక గది శిథిలాల్లో తవ్వింది. ఆ ఒక్క గదిలో 143 మంది అస్థికలు దొరికాయి. అత్యధికులు పిల్లలు. వాళ్ల సగటు వయసు ఆరేళ్లు. ఆ రోజు నుంచి "ఏమీ జరగలేదు" అనే నోరు మూతపడింది.

గ్వాటెమాలాలో బిషప్ హువాన్ హెరార్డి నాయకత్వంలో సంఘం వేలాది సాక్ష్యాలు సేకరించి 1998 ఏప్రిల్ 24న నివేదిక విడుదల చేసింది. రెండు రోజులకే ఆయనను హత్య చేశారు. చనిపోయినవాళ్ల పేర్లు రాయడం అంత ప్రమాదకరమైన పని. చంపినవాళ్లు భయపడేది ఎముకకే. ఎందుకంటే ఎముకను బెదిరించలేరు, కొనలేరు.

ఆత్మ ఉంటే చాలదా?

మన సంఘాల్లో ఒక మాట వినిపిస్తుంది. "ఆత్మ దేవుని దగ్గర ఉంది, మట్టిలో ఉన్నది మట్టే, దాన్ని కదపడం ఎందుకు?" అని. వినడానికి భక్తిగా ఉంటుంది. కానీ బైబిలు ఈ మాట చెప్పదు.

యోసేపు ఐగుప్తులో చనిపోతూ తన ఎముకలను తీసుకుపోతామని సహోదరుల చేత ప్రమాణం చేయించుకున్నాడు. తరాలు గడిచాక, ఎర్ర సముద్రం వైపు ఆత్రంగా బయలుదేరిన రోజున కూడా మోషే ఆ ఎముకలు మరిచిపోలేదు. బానిసల విమోచన ప్రయాణంలో వలసదేశంలో చనిపోయినవాని ఎముకలు కూడా నడిచాయి.

2 సమూయేలు 21వ అధ్యాయంలో రిస్పా అనే స్త్రీ ఉంది. రాజకీయ లెక్కలు సరిచేయడానికి సౌలు వంశంలో ఏడుగురిని ఉరితీశారు. అందులో ఇద్దరు ఆమె కొడుకులు. ఆమె బండ మీద గోనెపట్ట పరచుకుని, కోతకాలం మొదలు వాన పడేదాకా, పగలు పక్షులనూ రాత్రి మృగాలనూ దగ్గరకు రానీయకుండా కాపలా కాసింది. ఒక్క మాట కూడా మాట్లాడినట్టు లేఖనంలో లేదు. ఆమె కాపలా విని దావీదు రాజు కదిలాడు. ఎముకలన్నీ ఏరించి, సౌలునూ యోనాతానునూ వాళ్ల తండ్రుల సమాధిలో పెట్టించాడు. ఆ పని పూర్తయ్యాకే దేశం కోసం చేసిన ప్రార్థనకు జవాబు దొరికిందని ఆ అధ్యాయం చెబుతుంది. ఎముకలు ఏరని దేశం ఎంత ప్రార్థించినా అది ఆకాశం దాకా పోదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

అన్నిటికంటే మనకు దగ్గరి సాక్ష్యం గొల్గొతా. రోమా సైన్యం ఒక కూలీవాని కొడుకును సిలువ వేసి చంపింది. సిలువ వేయబడినవాడి శరీరం సాధారణంగా కాకులకూ కుక్కలకూ వదిలేసేది. అరిమతయియ యోసేపు పిలాతు ముందుకు తెగించి వెళ్లి శరీరం ఇమ్మని అడిగాడు. సైనిక పాలన చేతిలో చచ్చినవాని శరీరం కోసం పాలకుని ముందు నిలబడిన మనిషి అతడు. పునరుత్థానం వార్తకు ముందు ఒక సమాధి ఉంది. ఆ సమాధికి ముందు ఒక మనిషి ధైర్యంగా పెట్టుకున్న అర్జీ ఉంది. శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ప్రతి ఆదివారం ఒప్పుకునే మనం, ఆ శరీరాలు ఎక్కడున్నాయో వెతకడం మన పని కాదని ఎలా అనగలం?

బతికున్నవాళ్ల సంగతో?

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే బలమైనది. బతికున్న పేదలకే దిక్కులేదు, చచ్చినవాళ్ల ఎముకల వెంట పడతారా అని. ఈ రెంటినీ విడదీయలేము. గంజాం ఇప్పటికీ వలస జిల్లాయే. ఒకప్పుడు గోపాల్‌పూర్ ఓడలెక్కినవాళ్ల మనవలు ఇప్పుడు బరంపురం స్టేషనులో సూరత్ బండి ఎక్కుతున్నారు. అక్కడి మరమగ్గాల షెడ్లలో పన్నెండేసి గంటలు నిలబడి నేస్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు వేల సంఖ్యలో తిరిగి వచ్చినప్పుడే దేశం వాళ్లను చూసింది. కూలీల దళారీ పద్ధతి మీద ఒడిశా 1975లోనే దాదన్ కార్మికుల చట్టం చేసింది. దాని తరువాతనే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కేంద్ర చట్టం వచ్చింది. ప్రతి కూలీ పేరు నమోదు కావాలి, పాస్‌బుక్కు ఇవ్వాలి అని అందులో ఉండేది. ఆ నమోదు ఎంతవరకు జరిగిందో 2020లో రోడ్ల మీద నడిచిన జనమే చెప్పారు.

పేరు రాయకుండా కూలీని తీసుకుపోయే అలవాటు కంగాణీల నాటిది. పేరు లేనివాడు చచ్చిపోయినా లెక్క చెప్పనక్కర లేదు. 1943లో గోతిలో పడినవాడి పేరు వెతకడమంటే, ఈరోజు సూరత్ పోయేవాడి పేరు రాయించమని అడగడమే. ఒకటి చేసినవాడు రెండోది మానలేడు.

ఏం చేయాలి

కనుక మన సంఘాల ముందు, యువత ముందు ఈ పనులు పెడుతున్నాం.

ఒకటి. బరంపురం, గంజాం, ఉద్దానం, విశాఖ తీర ప్రాంతాల్లో ప్రతి సంఘం ఒక నోటు పుస్తకం తెరవాలి. రంగం పోయి, మలయా పోయి తిరిగి రానివాళ్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, పోయిన సంవత్సరం, చివరి ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడున్న దగ్గరి బంధువు ఎవరు అనే వివరాలు రాయాలి. క్రైస్తవులవే కాదు, ఊళ్లో అందరివీ రాయాలి. అప్పటి పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు, తొంభై ఏళ్లు. పదేళ్లు ఆగితే అడగడానికి మనిషి ఉండడు.

రెండు. పాత మిషను సంఘాల బాప్తిస్మం, వివాహ రిజిస్టర్లు చెదలు పట్టకముందే ఫోటోలు తీసి భద్రపరచాలి. "రంగూన్ వెళ్లెను" అని ఒక గీత పక్కన రాసిన చిన్న మాట రేపు ఒక కుటుంబానికి ఆధారం కావచ్చు.

మూడు. మలేసియాలోని తమిళ కుటుంబాలు ఈ విషయంలో మనకంటే ముందున్నాయి. వాళ్లు డెత్ రైల్వే ఇంట్రెస్ట్ గ్రూప్ అనే పేరుతో కూడి, బతికి వచ్చినవాళ్ల సాక్ష్యాలు సేకరించారు. ఇటీవల కాంచనబురిలోని ఒక బౌద్ధ ఆలయ ఆవరణలో కూలీల జ్ఞాపకార్థం రాయి నిలిపారు. మలేసియాలోని తెలుగువాళ్లూ, ఇక్కడి మనమూ వాళ్లతో చేయి కలపాలి. ఆ రాయి మీద తెలుగు కూడా ఉండవలసిన రోజు రావాలి.

నాలుగు. భారత ప్రభుత్వం థాయిలాండ్ ప్రభుత్వంతో మాట్లాడాలని మన పార్లమెంటు సభ్యుల ద్వారా అర్జీ పెట్టాలి. అడగవలసినవి మూడే. దొరికిన అస్థికలను ప్రదర్శన నుంచి తీసి గౌరవంగా భద్రపరచాలి. ఇకమీదట ఆ దారిలో ఎక్కడ ఎముకలు బయటపడినా పార ఆపి ఫోరెన్సిక్ నిపుణులను పిలవాలి. సీసీఎంబీ వంటి మన సంస్థలకు పళ్ల నమూనాలు పరీక్షించే అవకాశం ఇవ్వాలి. బర్మా వైపు ఈరోజు యుద్ధం నడుస్తోంది, అక్కడ ఇప్పుడు సాధ్యం కాదు. థాయి వైపు సాధ్యమే.

1952 జూన్ 9న జపానుతో చేసుకున్న సంధిలో మన దేశం నష్టపరిహారపు హక్కులన్నీ వదులుకుంది. అప్పటి ప్రభుత్వం దాన్ని పెద్దమనసు అనుకుంది. డబ్బు వదులుకునే హక్కు ప్రభుత్వానికి ఉండవచ్చు. మా తాత ఎముకలు వదులుకోమని మాత్రం ఏ కుటుంబమూ ఎవరికీ సంతకం పెట్టి ఇవ్వలేదు.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒక నివేదిక ప్రకటించి, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, భారతదేశ సైనికుల్లో లక్షకు పైగా మందిని పేరు పెట్టి స్మరించలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. నూరేళ్ల తరువాత అయినా ఒప్పుకున్నారు. అడిగేవాళ్లుంటేనే ఇలాంటి తలుపులు తెరుచుకుంటాయి.

యువతీ యువకులారా, ఈ వారం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "మనింట్లో ఎవరైనా రంగం పోయారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లు చెప్పిన పేరు తెలుగులో, పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి మీ సంఘకాపరి చేతికివ్వండి. ఆయన దాన్ని వచ్చే ఆదివారం ప్రార్థనలో పైకి చదవాలి. ఎనభై ఏళ్లుగా ఆ పేరు ఎవరి నోటా పలకబడలేదు.